వచ్చి పోయే పాఠాన్ని పట్టుకుందాం

మీ ఇంట్లో ఫ్రీ డిష్ సెట్ టాప్ బాక్స్ ఉంటే దాన్ని ఒకసారి తిప్పి చూడండి. ముందువైపో వెనకవైపో పెన్ డ్రైవ్ పెట్టే చోటు ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని పాటలు వినడానికో పెళ్లి వీడియో చూడడానికో వాడతారు, అంతే. రిమోట్ మీద రికార్డింగ్ కోసం ఇచ్చిన మీట జోలికి ఎవరూ పోరు. ఆ మీట నొక్కితే టీవీలో అప్పుడు వస్తున్న కార్యక్రమం ఉన్నది ఉన్నట్టు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కుతుంది. ఆ పెన్ డ్రైవ్‌ను ఫోనుకు తగిలించి ఎక్కడ కావాలంటే అక్కడ, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. దీనికి కంప్యూటరు అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, నెలనెలా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు.

నేను సైన్స్ టీచర్ని. నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల అంచున ఉన్న ఊళ్ల బడుల్లో పనిచేశాను. ఈ మీట విలువ నాకు 2020లో తెలిసింది. అప్పటి నుంచి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ దీని గురించి చెబుతూనే ఉన్నాను.

ఆ ఏడాది మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ టీశాట్ ఛానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పిల్లలకు సప్తగిరిలో వచ్చాయి. పాఠాలు బాగానే ఉండేవి. చెప్పిన టీచర్లు కష్టపడి చెప్పారు. చిక్కల్లా వేళలతోనే. పాఠం వచ్చేది పగటిపూట, ఒక్కసారి. మా పిల్లల ఇళ్లలో పగలు అంటే పని. ఆ నెలలు గడిచే కొద్దీ పత్తి ఏరే రోజులు వచ్చాయి. తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఇంట్లో కూర్చుని టీవీ చూస్తానంటే తల్లి ఊరుకుంటుందా? ఆ పిల్ల కూలీ మీదే ఆ వారం సరుకులు వచ్చే ఇళ్లున్నాయి. ఇక ఫోను ఉన్న ఇంట్లో అది తండ్రి జేబులో ఉంటుంది. మేస్త్రీ పనికి పోయే ఒక తండ్రి నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “మేడం, పొద్దుగాల ఫోన్ పట్టుకొని పోతే మల్ల రాత్రికే వస్త. ఫోన్ లేకుంటే నాకు పని దొరకదు. పిల్లదానికి పాఠమెట్ల మరి?”

ఆయన అడిగింది నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న. పాఠం పగలు వస్తుంది, ఫోను రాత్రి వస్తుంది. ఈ రెంటినీ కలపాలంటే పాఠాన్ని పగలు పట్టి ఉంచి రాత్రి ఇవ్వాలి. ఊళ్లో ఒకరిద్దరి ఇళ్లలో ఫ్రీ డిష్ ఉంది, వాటి బాక్సులకు పెన్ డ్రైవ్ పెట్టే చోటు ఉంది. టైమర్ పెడితే మనిషి లేకున్నా పాఠం రికార్డవుతుంది. సాయంత్రం పెన్ డ్రైవ్ తీసుకుని ఒక ఫోనులోకి కాపీ చేస్తే, అక్కడి నుంచి ఫోను నుంచి ఫోనుకు పంపుకోవచ్చు. అదే ఏడాది జూన్ చివర్లో కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో షేరిట్, జెండర్ కూడా ఉన్నాయి. పల్లెల్లో పిల్లలకు ఫైళ్లు పంపుకోవడమంటే అవే తెలుసు. వాటి బదులు గూగుల్ ఫైల్స్ యాప్ నేర్పాను. అది కూడా డేటా ఖర్చు లేకుండా పక్కనున్న ఫోనుకు పంపిస్తుంది.

రాత్రి ఫోనులో చూసిన పిల్లలకూ పగలు టీవీలో చూసిన పిల్లలకూ ఒక తేడా కనిపించింది. టీచరుగా నాకు అన్నిటికన్నా విలువైన విషయం ఇదే. టీవీ ఆగదు. కాంతి వక్రీభవనం పాఠంలో కిరణం గాజుదిమ్మెలోకి ఎట్లా వంగుతుందో గీసి చూపిస్తారు. అందరూ గీసుకునేలోపే ఆ బొమ్మ పోతుంది. వేగంగా రాసే పిల్లలు పట్టుకుంటారు, మెల్లగా రాసేవాళ్లు సగం గీసి వదిలేస్తారు. తర్వాతి మాటలన్నీ ఆ బొమ్మ మీదే నడుస్తాయి కాబట్టి పాఠమంతా వాళ్లకు అందకుండా పోతుంది. ఫోనులో అయితే ఆపుతారు. లంబరేఖ ఎక్కడ గీశారో వేలు పెట్టి చూసుకుంటారు, కోణాలకు పేర్లు పెట్టుకుంటారు, మళ్లీ కదిలిస్తారు. అర్థం కాని వాక్యాన్ని వెనక్కి జరిపి మళ్లీ వింటారు. తరగతి గదిలో “మేడం, మళ్లొక్కసారి చెప్పండి” అని అడగడానికి జంకే పిల్లలు నాకు బాగా తెలుసు. ఫోనును అడగడానికి వాళ్లు జంకరు. జీర్ణవ్యవస్థ బొమ్మలో పిత్తాశయాన్ని, క్లోమాన్ని సరైన చోట గీసుకొచ్చిన నోటుపుస్తకాలు చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

యూట్యూబులో ఉన్నాయి కదా, ఈ తంటా అంతా ఎందుకు అని పట్నంలో ఉన్నవాళ్లు అడుగుతారు. టీశాట్ తన పాఠాలను యూట్యూబులో పెట్టిన మాట నిజమే. మా చెంచు పెంటల్లో, తండాల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. సిగ్నల్ ఉన్నచోట రోజు డేటా పాఠానికి ముందే అయిపోతుంది. డిష్ మీద పడే సిగ్నల్‌కు ఈ బాధ లేదు. అది హైదరాబాద్ మీద ఎట్లా పడుతుందో చెంచుపెంట మీదా అట్లాగే పడుతుంది.

అసలు కంప్యూటరు లేకుండా ఇంత పని ఎట్లా అవుతుందో చెప్పాలి. వీడియో కేసెట్ల రోజులు గుర్తున్నవాళ్లకు రికార్డింగ్ అంటే పెద్ద యంత్రం. బీటామాక్స్ 1975లో, వీహెచ్‌ఎస్ 1976లో జపాన్‌లో వచ్చాయి. మన దేశంలో ఈ-180 అని రాసి ఉండే కేసెట్లో మూడు గంటలు పట్టేది. గాలిలోంచి వచ్చే అలను అయస్కాంతపు టేపు మీదకు ఎక్కించాలంటే తిరిగే డ్రమ్ములు, మోటార్లు, రికార్డింగ్ హెడ్లు కావాలి. 1987లో దూరదర్శన్‌లో ‘రామాయణ్’ మొదలయ్యేనాటికి వీసీఆర్ అంటే కలవారి ఇంటి వస్తువు.

ఇప్పుడు ఉపగ్రహం నుంచి వచ్చేదే అంకెల రూపంలో వస్తోంది. దూరదర్శన్ ఈ సేవను 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలుపెట్టింది. 2014లో దానికి ఫ్రీ డిష్ అని పేరు మార్చింది. ఇప్పుడు అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న జీశాట్-15 ద్వారా వస్తోంది. ఆ ఉపగ్రహాన్ని 2015 నవంబర్‌లో ఫ్రెంచ్ గయానా నుంచి ప్రయోగించారు. ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఒకే ఛానెల్ రాదు, చాలా ఛానెళ్లు కలిసి వస్తాయి. ఆర్టీసీ కార్గో బస్సులో వేర్వేరు ఊళ్ల పార్సిళ్లు కలిసి ప్రయాణం చేసినట్టు, అన్ని ఛానెళ్ల బొమ్మా మాటా 188 బైట్ల చిన్నచిన్న పొట్లాలుగా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ప్రతి పొట్లం మీద అది ఏ ఛానెల్‌దో గుర్తు ఉంటుంది. మీరు యాదగిరి పెడితే, బాక్స్ యాదగిరి గుర్తున్న పొట్లాలను ఏరి బొమ్మగా మార్చి టీవీకి ఇస్తుంది. రికార్డ్ మీట నొక్కినప్పుడు అవే పొట్లాలను, ఏమీ మార్చకుండా, పెన్ డ్రైవ్‌లో వరసగా రాసుకుంటుంది. అంతే పని. మార్చేది ఏమీ లేదు కాబట్టి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు, నాణ్యత కూడా వీసమెత్తు తగ్గదు. ఈ ఫైలు పేరు చివర సాధారణంగా ‘టీఎస్’ అని ఉంటుంది.

ఎంత చోటు పడుతుందో లెక్క కట్టడం మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. మామూలు ఛానెల్ సెకనుకు 3 మెగాబిట్ల చొప్పున వస్తోందనుకోండి. గంటకు 3,600 సెకన్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే గంటకు 1,350 ఎంబీ, అరగంట పాఠానికి 675 ఎంబీ. 16 జీబీ పెన్ డ్రైవ్‌లో పది గంటలకు పైగా పడుతుంది. ఛానెల్‌ను బట్టి, వస్తున్న దృశ్యాన్ని బట్టి ఇది కొంత పెరుగుతుంది, తగ్గుతుంది. హెచ్‌డీ అయితే బాగా పెరుగుతుంది.

ఇదంతా ఇంత తేలిగ్గా అవుతున్నది ఫ్రీ డిష్‌లో మనం చూసే ఛానెళ్లలో ఎక్కువ భాగం తాళం వేయకుండా పంపుతున్నారు కాబట్టే. డబ్బు కట్టి చూసే డీటీహెచ్, కేబుల్ బాక్సుల సంగతి వేరు. అక్కడ పొట్లాలన్నీ తాళం వేసి వస్తాయి. తాళంచెవి బాక్సులో ఉంటుంది. ఒకప్పుడు కేబుల్ వైరును నేరుగా వీసీఆర్‌కు గుచ్చితే పనయ్యేది. 2011లో కేబుల్ చట్టం సవరించి, దశలవారీగా 2017 నాటికి దేశమంతా డిజిటల్ చేశాక ఆ దారి మూసుకుపోయింది. డీటీహెచ్ కంపెనీలు రికార్డింగ్ సౌకర్యం ఇవ్వకపోలేదు. వాటిలో రికార్డయిన ఫైలు మళ్లీ ఆ బాక్సులోనే, ఆ కార్డుతోనే ఆడుతుంది. నాకు తెలిసిన ఒక కుటుంబంలో అమ్మాయి టీవీలో పాడిన పాటను ఒక డీటీహెచ్ బాక్సులో రికార్డు చేసి ఏళ్ల తరబడి దాచుకున్నారు. బాక్సు చెడిపోతే కంపెనీ వాళ్లు వచ్చి కొత్తది పెట్టి పాతది పట్టుకుపోయారు. పాట దానితోపాటే పోయింది. అడిగితే, అది కంపెనీ ఆస్తి అన్నారట. బాక్సు కంపెనీదే కావచ్చు, ఆ పిల్ల గొంతు కాదు కదా!

కొత్త టీవీల్లో డిష్ ట్యూనర్ లోపలే ఉంటుంది. వాటిలో కొన్నింటికి రికార్డింగ్ ఉంది. దానిలోనూ ఇదే తకరారు. ఎక్కువ టీవీలు రికార్డు చేసిన ఫైలును ఆ టీవీకే కట్టేస్తాయి. ఆ పెన్ డ్రైవ్‌ను ఫోనుకు పెడితే ఏమీ కనిపించదు. పైగా హెచ్‌డీఎంఐ తీగ గుండా వచ్చేదాన్ని టీవీ రికార్డు చేయదు, తన సొంత ట్యూనర్ పట్టిన ఛానెళ్లనే చేస్తుంది. అందుకే నేను ఎవరికి చెప్పినా వెయ్యి పన్నెండు వందలకు దొరికే మామూలు ఫ్రీ డిష్ బాక్సే కొనమంటాను.

మనసుంటే కంపెనీలు కూడా దారి చూపగలవు. 2015లో టాటా స్కై ‘ట్రాన్స్‌ఫర్’ అనే బాక్సును తెచ్చింది. అందులో రికార్డు చేసినదాన్ని ఇంట్లో వైఫై మీద ఫోనులోకి పంపుకుని బయట చూసుకోవచ్చు. జపాన్‌లో 2006 ఏప్రిల్ నుంచి ‘వన్‌సెగ్’ పేరుతో టీవీ నేరుగా ఫోన్లలోకే వచ్చింది. చాలా ఫోన్లు దాన్ని మెమరీ కార్డులోకి రికార్డు చేసేవి. ఫ్రెంచి కంపెనీ ఆర్కోస్ అరచేతిలో పట్టే వీడియో రికార్డర్లను అంతకు ముందే అమ్మింది. టీవీ తీగ గుచ్చితే అందులోనే రికార్డయ్యేది, అందులోనే చూసుకునేవారు.

ఇట్లా రికార్డు చేసుకోవడం తప్పు కాదా అని బడిలో తోటి టీచర్లే అడిగారు. ఇది దొంగతనం కాదని చెప్పడానికి నేను చట్టమే చదివాను. మన కాపీరైట్ చట్టం 1957లోని 39వ సెక్షన్ ఈ సంగతి స్పష్టంగా చెబుతోంది. ప్రసారాన్ని తన సొంత వాడకం కోసం, లేదా నిజాయితీగా బోధన కోసం, పరిశోధన కోసం రికార్డు చేసుకుంటే ప్రసారకర్త హక్కుకు భంగం కాదు. 52వ సెక్షన్ కూడా సొంత, వ్యక్తిగత వాడకానికి న్యాయమైన మేరకు మినహాయింపు ఇస్తోంది. అయితే ఆ రికార్డింగును అమ్మకూడదు, బహిరంగంగా ప్రదర్శించకూడదు, మీ పేరున యూట్యూబులో పెట్టకూడదు. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. తాళం తీసిపెట్టే బాక్సులని చాటుమాటుగా అమ్మేవాళ్ల జోలికి పోకండి.

ఈ ప్రశ్న మనకే మొదట రాలేదు. అమెరికాలో 1976లో యూనివర్సల్, డిస్నీ సంస్థలు సోనీ మీద దావా వేశాయి. ఇంట్లో టీవీ రికార్డు చేసే యంత్రం అమ్మడమే కాపీరైట్ ఉల్లంఘన అన్నాయి. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ కేసులో పిల్లల కార్యక్రమాలు చేసే ఫ్రెడ్ రోజర్స్ అనే ఆయన సాక్ష్యం చెప్పారు. తన కార్యక్రమాన్ని కుటుంబాలు రికార్డు చేసుకుని, తల్లిదండ్రులకూ పిల్లలకూ తీరిక దొరికినప్పుడు కలిసి చూస్తే తనకేమీ అభ్యంతరం లేదన్నారు. 1984 జనవరి 17న, ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు వచ్చింది. తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమేనని కోర్టు అన్నది. ఒక్క న్యాయమూర్తి అటు తిరిగి ఉంటే రికార్డ్ మీట కథ ఏమయ్యేదో! ఆ తీర్పులో రోజర్స్ సాక్ష్యాన్ని ప్రస్తావించారు. పిల్లలకు చెప్పే మనిషికి ఆ మీట విలువ తెలిసింది, సినిమా సంస్థలకు తెలియలేదు.

ఇక చేసే పద్ధతి. పెన్ డ్రైవ్ ఒకవైపు మామూలు యూఎస్‌బీ, మరోవైపు ఫోనుకు గుచ్చే టైప్-సీ ఉన్నది కొనండి. పెన్ డ్రైవ్‌ను ఫోనుకు కలిపే ఓటీజీ తీగ కొనే పని, అది పోగొట్టుకునే పని రెండూ తప్పుతాయి. పేరున్న కంపెనీది, బిల్లుతో కొనండి. సంతలో రెండు మూడు వందలకు వెయ్యి జీబీ అని అమ్మేవి నకిలీవి. లోపల ఉండేది ఏ 8 జీబీయో, 16 జీబీయో. పైన రాసినంత చోటు ఉన్నట్టు ఫోనుకూ బాక్సుకూ అబద్ధం చెప్పేలా చేసి ఉంటారు. అవి నిండాక కొత్తగా రాసినదంతా గాలిలో కలిసిపోతుంది. ఇట్లా మోసపోయిన తల్లిదండ్రులను చూశాను.

బాక్సుకు పెన్ డ్రైవ్ పెట్టగానే కొన్నిసార్లు ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. ఔననగానే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. పెళ్లి ఫొటోలున్న పెన్ డ్రైవ్ పెట్టి చూడకండి, రికార్డింగుకు ప్రత్యేకంగా ఒకటి ఉంచండి. ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేస్తే దాదాపు అన్ని ఫోన్లూ చదువుతాయి. దానిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. అందుకే బాక్సులు పొడుగు రికార్డింగును ముక్కలు చేస్తాయి. ముక్కలన్నీ కాపీ చేసుకోవాలి. పెద్ద హార్డ్ డిస్కు పెట్టి ‘పనిచేయడం లేదు’ అనేవాళ్లూ ఉన్నారు. బాక్సు యూఎస్‌బీ ఇచ్చే కరెంటు సాధారణంగా 500 మిల్లీఆంపియర్లు. అది పెన్ డ్రైవ్‌కు చాలు, తిరిగే డిస్కుకు చాలకపోవచ్చు.

టైమర్ విషయంలో ఒక్క సంగతి తప్పకుండా చూసుకోవాలి. ఉపగ్రహం నుంచి వచ్చే గడియారం గ్రీనిచ్ సమయం. బాక్సు సెట్టింగుల్లో మన తేడా ఐదున్నర గంటలు అని పెట్టకపోతే, పదిన్నర పాఠానికి పెట్టిన టైమర్ సాయంత్రం నాలుగింటికి లేస్తుంది. టీవీ తెర మీద బాక్సు చూపించే సమయం మీ చేతి గడియారంతో సరిపోయిందో లేదో చూడండి, అంతే. మొదలుకు ఐదు నిమిషాలు ముందు, చివరకు పది నిమిషాలు తర్వాత ఉండేట్టు టైమర్ పెట్టండి. దూరదర్శన్ కార్యక్రమాల వేళలు అప్పుడప్పుడు అటూఇటూ జరుగుతాయి.

ఒక ఛానెల్ రికార్డవుతుంటే ఇంట్లోవాళ్లు సీరియల్ చూడడం కుదురుతుందా? చిన్న బాక్సులకు ట్యూనర్ ఒక్కటే. రికార్డయ్యే ఛానెల్ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉందో, అదే ఫ్రీక్వెన్సీ మీద ఉన్న మిగతా ఛానెళ్లను మాత్రం చూడనిస్తాయి, అదీ కొన్ని బాక్సులే. ఎన్ని ఇళ్లలో దీనికోసం గొడవలు పడ్డారో చెప్పలేను. అత్తా కోడళ్లను ముందే ఒప్పించుకోవడం మేలు.

కరెంటు పోతే నడుస్తున్న రికార్డింగు దెబ్బతింటుంది. పెన్ డ్రైవ్‌ను రికార్డింగు ఆపిన తర్వాతే లాగాలి. గట్టి వానలో సిగ్నల్ ముక్కలవుతుంది. ఈ సేవ వాడే కేయూ బ్యాండ్ అలలను వానచినుకులు మింగేస్తాయి. రికార్డయిన బొమ్మలో అక్కడక్కడ గళ్లు గళ్లుగా పగిలితే బాక్సును తిట్టకండి, వాన కారణం.

ఫోనులో పెట్టాక గ్యాలరీలో తెరిస్తే ఆడకపోవచ్చు. వీఎల్‌సీ అనే ఉచిత యాప్ వేసుకోండి, అది దాదాపు అన్నిటినీ ఆడిస్తుంది. కొన్ని ఫోన్లలో సెట్టింగుల్లో ఓటీజీని ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆగిపోతుంది. ఐఫోన్లలో 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్ పెన్ డ్రైవ్‌ను చదువుతోంది. ఫోనులో ఉండే వీడియో కత్తిరింపు యాప్‌లతో కావలసిన భాగం ఎమ్‌పీ4గా మార్చుకుంటే దాచుకోవడానికి చిన్నదవుతుంది.

డబ్బు కట్టే బాక్సు తప్ప వేరే లేదనుకోండి. దాని వెనక పసుపు, ఎరుపు, తెలుపు తీగలు గుచ్చే చోటు ఉంటే ఇంకా ఒక దారి ఉంది. ఆ మూడు తీగల నుంచి తీసుకుని ఎస్‌డీ కార్డులోకో పెన్ డ్రైవ్‌లోకో రికార్డు చేసే చిన్న యంత్రాలు అమ్ముతున్నారు. యూఎస్‌బీ క్యాప్చర్ పుల్ల అని మరొకటి ఉంది. దాన్ని ఆండ్రాయిడ్ ఫోనుకు గుచ్చి, యూఎస్‌బీ కెమెరా యాప్ తెరిస్తే టీవీ బొమ్మ ఫోనులో కనిపిస్తుంది, రికార్డు చేసుకోవచ్చు. ఈ పద్ధతిలో బొమ్మ కొంచెం మెత్తబడుతుంది, కార్యక్రమం గంట అయితే రికార్డు చేయడానికీ గంట పడుతుంది. హెచ్‌డీఎంఐ తీగతో ప్రయత్నిస్తే చాలాసార్లు నల్లతెర వస్తుంది, అందులో కూడా తాళం ఉంది. ఏ దారీ లేనప్పుడు టీవీ ముందు ఫోను నిలబెట్టి తీస్తారు. నేను వద్దనను. లేనిదానికన్నా మేలు.

బడులు తెరిచాక ఈ పని ఆగిపోతుందనుకున్నవాళ్లున్నారు. ఆగలేదు. పొద్దున్నే వచ్చే వ్యవసాయ కార్యక్రమంలో తన వేరుశనగ చేను చూపిస్తారని ఒక రైతు నా దగ్గరికి వస్తాడు. కార్యక్రమం వచ్చే వేళకు ఆయన చేనులోనే ఉంటాడు, తన చేనును తానే చూసుకోలేడు. దూరదర్శన్‌లో ఒగ్గుకథ చెప్పిన కళాకారుడు వస్తాడు. ఆయన దగ్గర కళాకారుల పింఛను కోసం చూపించడానికి పాత ఫొటో తప్ప ఏమీ లేదు. మనవరాలి నాట్యం దూరదర్శన్‌లో వస్తుందని, అమెరికాలో ఉన్న కొడుక్కి పంపాలని ఒక పెద్దావిడ వస్తుంది. వాట్సాప్‌లో ఫైలుగా పంపితే 2022 నుంచి 2 జీబీ వరకు పోతుంది. అరగంట కార్యక్రమం కత్తిరించకుండానే చేరుతుంది. వీళ్లెవరూ సినిమాలు దోచుకునేవాళ్లు కాదు. తమ ముఖం, తమ గొంతు, తమ చేను ఒక్కసారి టీవీలో వస్తే దాన్ని తమ దగ్గర ఉంచుకోవాలనుకునేవాళ్లు. ఆ రోజు దాటితే ఆ కార్యక్రమం మళ్లీ దొరకడం ఎంత కష్టమో, టీవీ కార్యాలయాల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు.

ఈ మీట ఇంకా పెద్ద పనులు కూడా చేసింది. ఇంటర్నెట్ మీద ఆంక్షలున్న ఇరాన్‌లో ‘తూషే’ అనే సేవ 2016 నుంచి ఒక ఉపగ్రహ ఛానెల్ మీద పుస్తకాలు, పాఠాలు, వార్తల ఫైళ్లను ప్రసారం చేసింది. ఇంట్లో మామూలు డిష్ బాక్సుకు పెన్ డ్రైవ్ పెట్టి ఆ ఛానెల్‌ను రికార్డు చేస్తే, ఆ ఫైలులోంచి ఇవన్నీ బయటికి తీసుకోవచ్చు. మన దగ్గర అటువంటిది నెట్ అందని తండాల పిల్లల కోసం ఎందుకు చేయకూడదని నేను చాలాసార్లు అనుకున్నాను. ఉపగ్రహం మనది, ఛానెళ్లు మనవి, బాక్సులు ఇళ్లలో ఉన్నాయి.

ప్రసార భారతికి నా విన్నపం ఒకటే. ఫ్రీ డిష్‌లో కొత్త బాక్సులు, కొత్త పద్ధతులు వచ్చే కొద్దీ రికార్డింగ్ సౌకర్యాన్ని తీసేయకండి, రికార్డయిన ఫైలుకు తాళం వేయకండి. యాదగిరి, సప్తగిరి పాఠాలు ఏ వేళకు వస్తాయో వారం ముందే గ్రామ పంచాయతీ గోడ మీద అంటించే ఏర్పాటు చేయించండి. టైమర్ పెట్టుకునే పని మేం చేసుకుంటాం.

బాక్సు కొనబోయేవాళ్లు డబ్బులు ఇవ్వడానికి ముందే దుకాణంలో మీ పెన్ డ్రైవ్ పెట్టించి, ఏదైనా ఛానెల్ ఒక్క నిమిషం రికార్డు చేయించండి. అక్కడే మీ ఫోనుకు గుచ్చి చూడండి. మీ ఫోనులో ఆడితేనే కొనండి.